మా కమిలిని చదివించినోళ్లు ఎవరు?

సహోదరులారా, నా కాన్పు అయినంక లోకమంత నాకు పొగబట్టినట్టు కనవడ్డది! బాబు మంచిగ పుట్టిండు, ఏడిస్తే వాడకట్టంత వినవడేది, మా అత్తమ్మ సంబురంగ ఇంటింటికి శక్కర పంచింది, కానీ నాకు ఆ పసిగుడ్డును చేతుల్లకు తీసుకోవాలంటె భయం, తీసుకోకుంటె భయం, నిద్ర రాదు, ముద్ద గొంతు దిగదు, ఎవరో నా చెవుల ‘నువ్వు తల్లివేనా’ అని గొణుగుతున్నట్టు ఉండేది.

నా పేరు సైదమ్మ. మాది కోదాడ దగ్గర అనంతగిరి మండలంల ఒక చిన్న ఊరు. గొర్లు కాసుకునేటోళ్లం, తాతల నాటి నుంచి అదే మా పని. మా ఆయన లింగయ్య పొద్దుగాల మందను తోలుకపోతే మళ్ల పొద్దుగూకినంకనే ఇల్లు సేరేది. అప్పటికి మా ఇంట్ల యేసయ్యను నమ్ముకున్నోళ్లు ఎవరు లేరు.

నన్ను సూసినోళ్లంత గాలి సోకింది అన్నరు. దిష్టి తీసిండ్రు, తాయెత్తు కట్టిచ్చిండ్రు, ఆఖరికి దూరపు ఊర్ల ఎవరో ప్రార్థన చేసి దయ్యాలను ఎల్లగొడ్తడంటె ఆడికి గూడ తోల్కపోయిండ్రు. ఆయన నా జుట్టు పట్టుకొని, చెవి దగ్గర నోరు పెట్టి, “నీ పేరేంది చెప్పు!” అని అరిసిండు. నేను నా పేరే చెప్పిన, సైదమ్మ అని! ఆయనకు ఆ జవాబు నచ్చలే. ఇంక గట్టిగ అరిసిండు. ఉపాసం ఉంచున్రి అన్నడు. పాలిచ్చే తల్లిని, సహోదరులారా! ఇంటికి వచ్చేటాలకు నాకు నిలబడే శక్తి లేదు. ఆయనను తిట్టడానికి ఈ మాట చెప్తలేను, దేవుడు ఆయనను కూడ ప్రేమిస్తడు. ఆయనకు తెల్వదు, తెలిసినోళ్లు ఎవరు ఆయనకు నేర్పలే, అంతే.

ఒకనాడు పొద్దున మా అత్తమ్మ నీళ్లకు పోయింది సూసి, బాబును కొంగుల చుట్టుకొని సాగర్ కాల్వ దిక్కు నడిసిన. ఎందుకు నడిసిన్నో ఇప్పటికి నాకు సక్కగ చెప్పరాదు. నాట్ల కాలం, కాల్వ నిండుగ పారుతుంది, గట్టు మీద మనిషి లేడు. నేను నీళ్లనే సూసుకుంట నిలబడ్డ. అప్పుడు కోదాడ దిక్కు నుంచి స్కూటీ మీద ఒక పిల్ల వచ్చి ఆగింది. ఆమె పేరు కమిలి. హాలియా దిక్కు తండాల పుట్టిన లంబాడ పిల్ల, మా ఊరి చివర రేకుల షెడ్డుల కొత్తగ ప్రార్థన నడిపిస్తుండె. నాకు ఆమెతోని అప్పటిదాక మాటల్లేవు.

కమిలి బండికి స్టాండు ఏసి, నాకు జర దూరంల గట్టు మీద కూసుంది. కేకెయ్యలే, చెయ్యి పట్టి గుంజలే. కొంచెంసేపు అయినంక మెల్లగ అడిగింది.

“అక్కా, బాబుకు పాలిచ్చినవా?”

“లేదు.”

“నువ్వన్న తిన్నవా?”

“లేదు.”

ఇగ అప్పుడు నా ముఖంలకు సూసి, “అక్కా, చచ్చిపోవాలె అనిపిస్తుందా నీకు?” అన్నది.

అయ్యా, అన్ని దినాల నుంచి నా లోపల ఏదో దయ్యం ఉన్నదని దానితోనే అందరు మాట్లాడిండ్రు, నన్ను మాత్రం ఎవ్వరు ఏమి అడగలే! ఈ పిల్ల నన్నే అడిగింది. “అవును” అన్న. అన్ననో లేదో, ఎక్కడ ఆగి ఉన్నదో గంత ఏడుపు, ఒక్కసారి బయటికి వచ్చింది. ఆమె లేచి నా దగ్గరికి వచ్చి, “బాబును నేను పట్టుకుంట, నువ్వు ఏడువక్కా” అని పిలగాన్ని ఎత్తుకుంది. నా ఏడుపు తగ్గినంక, “నీ కోసం ప్రార్థన చెయ్యనా?” అని అడిగింది. అడిగి చేసింది! నేను తల ఊపితే గా కాల్వగట్టు మీదనే కండ్లు మూసుకొని, “యేసయ్యా, మా అక్క బాగ అలిసిపోయింది. నువ్వు సూస్తనే ఉన్నవ్. ఆమెకు నిద్ర ఇయ్యి తండ్రీ. ఏం చెయ్యాల్నో నాకు తెలివి ఇయ్యి. ఆమెన్” అన్నది. గంతే ప్రార్థన!

నన్ను ఇంటికి తోల్కొచ్చి మా అత్తమ్మను కూసోబెట్టి చెప్పింది: “పెద్దమ్మా, ఇది గాలి కాదు. కాన్పు అయినంక కొందరు తల్లులకు మనసుకు వచ్చే జబ్బు. మందులతోని నయమయితది. అక్కను ఒంటరిగ ఉంచొద్దు, ఈ పొద్దే సూర్యాపేట దవాఖానకు పోదాం.”

మా అత్తమ్మ గంత తొందరగ ఒప్పుకునే మనిషా! “ప్రార్థన చేసేదానివి, దవాఖాన అంటవేంది? నీ దేవునితోని కాదా?”

“దేవుడు దవాఖానల ఉండడా పెద్దమ్మా?” అన్నది కమిలి, కోపం లేకుండ.

మా అత్తమ్మ లోపలికి పోయి నా చీర, బాబు గుడ్డలు సంచిల పెట్టింది.

దవాఖానల డాక్టరమ్మ అంత విని, పాలిచ్చే తల్లి ఏసుకోదగ్గ గోలీలు రాసిచ్చింది, ఇంటోళ్లను పిలిచి నన్ను ఎట్ల సూసుకోవాల్నో చెప్పింది. సహోదరులారా, నేను ఒక్క దినంల బాగుపడ్డ అని చెప్తే అది అబద్ధం అయితది. మెల్లమెల్లగ అయింది. కమిలి వచ్చేది, నా పక్కన కూసొని చిక్కుడుకాయలు ఒలిచేది, నేను మాట్లాడితే వినేది, మాట్లాడకుంటె ఊకుండేది, పోయేముందు ప్రార్థన చేసేది. ఒక మధ్యాహ్నం నేను బాబు పక్కన ఒరిగి నిద్రపోయిన, లేచేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది! ఇంకొకనాడు బాబు నా ముక్కు పట్టుకొని గుంజితే నవ్విన. మా ఆయన అప్పుడే మందను తోలుకొని వస్తున్నడట, బయట నా నవ్వు విని గొర్లను అట్లనే ఇడిసిపెట్టి లోపలికి ఉరికొచ్చిండు. “సైదీ, నవ్వింది నువ్వేనా?” అని తలుపుల నిలబడి ఏడ్సిండు. గొర్లు పోయి పక్కింటోళ్ల తోటకూర మడి అంత ఖతం చేసినయి! దేవునికే మహిమ!

మనసు కుదురుకోంగనె నా పాత గుణం తిరిగొచ్చింది. అదేందంటె, అడుగుడు. చిన్నప్పటి నుంచి నేను ఏది చూసినా ఎందుకు, ఎట్ల అని అడిగేదాన్ని. కమిలిని పట్టుకున్న. “చెల్లె, గా గట్టు మీద నన్ను ఏం అడగాల్నో నీకు ఎట్ల ఎరుక? మందులున్నయని ఎట్ల ఎరుక?”

“బైబిల్ కాలేజీల నేర్పిండ్రక్కా. అంతకుముందు నేను కూడ అన్నీ దయ్యాలే అనుకునేదాన్ని. ఆడ వాక్యం నేర్పిండ్రు, మనసు బాగలేనోళ్లకు ఎట్ల తోడుండాల్నో కూడ నేర్పిండ్రు. దవాఖానకు పంపి రోగుల పక్కన కూసోబెట్టిండ్రు. చచ్చిపోవాలె అనిపిస్తుందా అని అడిగితే మనిషికి ఆ ఆలోచన పెరుగుతదని భయపడొద్దు, ప్రేమతోని నేరుగ అడగాలె అని చెప్పిండ్రు.”

“మరి నిన్ను ఎవరు చదివించిండ్రు?”

కమిలి చెప్పింది. వాళ్ల నాయిన మిర్యాలగూడ రైసు మిల్లుల బస్తాలు మోసేటోడు. నడుం దెబ్బతిని పని బందయితే, ఈమె కాలేజీ ఇడిసిపెట్టి పోదామని పెట్టె సర్దుకుంది. అప్పుడు ప్రిన్సిపాల్ అయ్యగారు పిలిచి, ఒక కుటుంబం నీ చదువు చూసుకుంటరు, వాళ్లు పేరు చెప్పొద్దన్నరు, ఒక్కటే కోరిండ్రు, మనసు బాగలేనోళ్లకు తోడుండే ఆ పాఠం మాత్రం నువ్వు తప్పకుండ చదవాలె అన్నరట.

“గా పాఠమే ఎందుకంట?” అన్న నేను.

“నాకు తెల్వదక్కా. పేరు లేకుండనే వాళ్ల కోసం ప్రార్థన చేస్త.”

నేనైతే ఊకుంటనా! అప్పటికి నేను, మా ఆయన యేసయ్యను నమ్ముకొని బాప్తిస్మం తీసుకున్నం. మా అత్తమ్మ మాత్రం తన పూజలు తాను చేసుకుంటది, కానీ కమిలి వస్తే ముందు చాయ పెట్టేది ఆమెనే. నేను ప్రార్థనల మోకరించినప్పుడల్ల అడిగేదాన్ని, “ప్రభువా, ఎవరు వాళ్లు? కమిలి ముఖం సుత ఎరుగకుండ ఎందుకు చదివించిండ్రు? గా పాఠమే ఎందుకు కోరిండ్రు?” అని.

ఈ మధ్యల మిర్యాలగూడల కాలేజీ వాళ్లు కృతజ్ఞతా కూడిక పెట్టిండ్రు, పిల్లల చదువులకు తోడ్పడేటోళ్లందరిని పిలిచిండ్రు. సాక్ష్యం చెప్పుమని కమిలిని పిలిస్తే, ఆమె నన్ను తోల్కపోయింది. బస్సుల పోతుంటె నేను అనుకున్న, పెద్ద పెద్ద కార్లు ఉంటయి, సూట్లు ఏసుకున్నోళ్లు ఉంటరు, తెల్లోళ్లు ఉంటరు అని. ఆడ సూస్తే ఒక రిటైరైన టీచరమ్మ, బట్టలు కుట్టే ఆయన, బస్సు కండక్టరు, రోజు వండేముందు గుప్పెడు బియ్యం తీసిపెట్టి ఇచ్చే తండా ఆడోళ్లు! కమిలి తన వంతుల నన్ను మాట్లాడుమన్నది. లేచి, ఇప్పుడు మీకు చెప్పినట్టే అంత చెప్పిన. కాల్వగట్టు మాట చెప్తున్నప్పుడు వెనక వరుసల ఒక ముసలామె లేచి బయటికి పోయింది.

కూడిక అయినంక నేను ఆమెను ఎతుక్కుంట పోయిన. వరండల కూసొని ఉంది, పక్కన పెద్దాయన. ఆమె సుగుణమ్మ, ఆయన ఏసోబు. బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుకునేటోళ్లు. “అమ్మా, నా మాట ఏమన్న తప్పయిందా?” అన్న. ఆమె నా చేతులు పట్టుకొని చెప్పింది. వాళ్లకు ఒక్కతే బిడ్డ. కాన్పు అయినంక నాలాగనే అయిందట. ఎవరికి తెల్వలే. వాళ్ల పాస్టరు అయ్యగారు మంచి మనిషి, వచ్చి ప్రార్థన చేసిండు, ఏడ్సిండు, కానీ ఏం అడగాల్నో, ఎక్కడికి తీసుకపోవాల్నో ఆయనకు గూడ తెల్వలే. బిడ్డ దక్కలే.

“బిడ్డ పోయినంక పాస్టరు అయ్యగారు మా ఇంటికి వచ్చి, నాకు ఎవరన్న నేర్పి ఉంటే బాగుండునమ్మా అన్నడు బిడ్డా,” అన్నది సుగుణమ్మ. “గా మాట పట్టుకొని కాలేజీకి పోయినం. ఎవరో ఒకరికి నేర్పున్రి, మా బండి నడిసినన్ని దినాలు మేం సూసుకుంటం అని చెప్పినం.”

నా వెనకనే వచ్చిన కమిలి ఆడనే వాళ్ల కాళ్ల దగ్గర కూలబడి ఏడ్సింది. సుగుణమ్మ ఆమె తల నిమురుకుంట ఉన్నది. నాకు మాత్రం లోపల నుంచి నా ప్రశ్న తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయిన.

“తాతా, దేవుడు నన్ను బతికిచ్చిండు. మీ బిడ్డను ఎందుకు బతికియ్యలే?”

అడిగినంక భయమయింది, ఎందుకు అడిగిన్నో అని. ఏసోబు తాత కోపం చెయ్యలే. కండ్లద్దాలు తీసి పంచె కొసతోని తుడుసుకుంట, “నేను గూడ రోజూ అదే అడుగుతున్న బిడ్డా,” అన్నడు. “జవాబు ఇంక రాలే. నువ్వొచ్చినవ్.”

ప్రియమైన సహోదరులారా, ఈ సూర్యాపేట సంఘంల నన్ను నిలబెట్టి మాట్లాడనిచ్చినందుకు మీకు వందనాలు. కమిలిని పంపిన దేవునికి, కమిలిని చదివించిన ఆ ముసలి దంపతులకు, గుప్పెడు గుప్పెడు బియ్యం తీసిన ఆ తల్లులకు నేను ఏమిచ్చినా తక్కువే. మీ వాడకట్టుల తలుపు దగ్గరేసుకొని కూసున్న బాలింత ఉంటే పోయి పక్కన కూసోండ్రి, దవాఖానకు తోల్కపోండ్రి. సేవకు పోత అంటున్న పిల్లలు మీ సంఘంల ఉంటే మంచిగ చదివించున్రి, రేపు వాళ్లు ఎవరి గట్టు మీద బండి ఆపుతరో మనకు తెల్వదు! ఇంక యేసయ్యను నమ్మాల్నా వద్దా అని ఆలోచన చేస్తున్నోళ్లు ఉంటే, మీ అనుమానాలన్ని తీరినంక రావాలె అనుకోకండ్రి, వాటిని పట్టుకొనే రాండ్రి. నేను ఇన్ని అడిగినా ఆయన నా మీద ఒక్కనాడు విసుక్కోలే, పొమ్మనలే. ఆయనకే మహిమ, ఆమెన్!