తొడల కింద చేతులు

అతని పేరు నేను అడగలేదు. కిషన్‌బాగ్‌లో ఎక్కిన బస్సులో నా పక్కన, రెండు అరచేతులూ తొడల కింద అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. ముందు ఆడవాళ్ల సీట్ల దగ్గర నిలబడ్డ ఒక బలమైన మనిషి వెనక్కి వచ్చి అతని చెంప పగలగొట్టాడు.

“లెవ్వురా. మా చెల్లెను కొట్టినప్పుడు లేసిన చేతులు ఇప్పుడేమైనయ్?”

అతను లేవలేదు. రెండో దెబ్బకు పెదవి చిట్లి రక్తం చొక్కా మీద కారింది. కండక్టరు వచ్చి కొట్టినవాణ్ణి ముందుకు నెట్టుకుపోయాడు.

దెబ్బలు తింటూ చేతులు దాచుకోవడం నాకు అంతుపట్టలేదు. అదే అడిగాను.

“ఆయన మా బావ, అన్నా. ముందట కూసున్నది మా ఆమె. విడిపోయినం. ఇయ్యాల మధ్యవర్తి మేడం దగ్గర మాట్లాడుకునేది ఉంది. నేను చెయ్యి లేపితే ఆదివారాలు బిడ్డను నా ఎంబడి పంపరు. అందుకే రెచ్చగొడ్తుండు.”

వాళ్లు దిగే చోటు వచ్చింది, నాదీ అదే. అతని వెనకే నేనూ ముందుకు నడిచాను. అతని భార్య సీట్లోంచి లేవగానే గట్టిగా బ్రేకు పడి తూలింది. పట్టుకుందామని అతను చెయ్యి చాపాడు. ఆమె రెండు మోచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కిటికీ మూలకు ముడుచుకుపోయింది. బావ మళ్లీ చెయ్యి ఎత్తాడు.

“బావా, బిడ్డను బయటికి తీస్కపోను,” అన్నాడతను, ఆమె మోచేతుల వైపే చూస్తూ. “మీ ఇంట్లనే, మీ ముందటనే చూసి పోత. మేడంకు గదే చెప్త.”

బావ చెయ్యి దించాడు. ఆమె మోచేతులు మాత్రం అతను బస్సు దిగిపోయేదాకా దిగలేదు.