నారింజ బిబ్ నాకొద్దన్న ఆదివారం

అరగంటలో ఒక మనిషి ఎంత పరువు పోగొట్టుకోగలడో తెలుసుకోవాలనుకునేవారు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, ఇక్కడే కూర్చుని చదవండి. గుండె గట్టిగా లేనివారు పక్కన మంచినీళ్లు పెట్టుకోండి. ఇది జరిగి ఏళ్లు గడిచినా, తలుచుకుంటే నాకే ఇప్పటికీ నోరు తెరుచుకుని ఉండిపోతుంది.

ముందు మా వంశం గురించి చెప్పాలి. మీరు వద్దన్నా చెబుతాను, అది మా ఇంటి అలవాటు. మా ముత్తాతగారు సికింద్రాబాద్ కంటోన్మెంటు గుర్రాలకు దాణా సరఫరా చేసిన పెద్ద కాంట్రాక్టరు. గుర్రాలు పోయి మోటార్లు వచ్చాయి. మోటార్లు ఉలవలు తినవన్న సంగతి ఒప్పుకోవడానికి మా తాతగారికి సగం జీవితం పట్టింది, ఆలోగా బంగళా చేతులు మారింది. నేను పుట్టేసరికి పద్మారావు నగర్‌లో ఒక టైలరు షాపు పైన రెండు గదుల్లో ఉండేవాళ్లం. పోనిది ఒక్కటే, వెన్నెముక. మా ఇంట్లో ఎవరూ వంగి నడవరు. నేను బస్సులో నిలబడి ఉన్నా ఫొటో దిగుతున్నట్టే ఉంటానని స్నేహితులు అనేవారు. అది వెక్కిరింతని నాకు తెలియదు, పొగడ్తనుకుని ఇంకొంచెం నిటారుగా నిలబడేవాణ్ణి.

ఇంటి నియమాలన్నీ నానమ్మవి. వాటిలో ముఖ్యమైనది: ఒకరు తొడిగి విడిచిన బట్ట మన ఒంటిమీద పడకూడదు. పెదనాన్న కొడుకు చొక్కా కూడా నేను ఎన్నడూ తొడగలేదు. ఉన్నవి రెండే చొక్కాలు, కానీ రెండూ నావే.

ఇలాంటి ఇంట్లో నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణయ్యాను. నిక్కరు వేసుకుని జనం ముందు పరుగెత్తడాన్ని నానమ్మ ఎలా భరించిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేను బాగా ఆడేవాణ్ణి, అది గొప్ప కాదు, నిజం. అయితే డిగ్రీ అయిపోయాక మా బాబాయి ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. ఆయనకు రాణిగంజ్‌లో బాత్రూం సామాన్ల కొట్టు ఉంది. ఇంట్లో దాన్ని ‘వ్యాపారం’ అనేవాళ్లం, నానమ్మ ముందు కమోడ్ అనే మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

“బాల్ ఆట మంచిదే బిడ్డా,” అన్నాడు బాబాయి. “ఆదివారం ట్రయల్ ఉందంటున్నవ్ గద, పో. తీస్కుంటే నీ ఇష్టం. తీస్కోకపోతే సోమవారం పొద్దున కొట్ల కూసోవాలె.”

ఒక ప్రొఫెషనల్ క్లబ్బు ఆ ఆదివారం కొత్త ఆటగాళ్లను ఎంపిక చేసుకుంటోంది. ఒకవైపు జీతమిచ్చే ఫుట్‌బాల్, మరోవైపు జీవితాంతం కమోడ్లు. దాణా కాంట్రాక్టరు మునిమనవడు కమోడ్ మీద చేయి వేసి “ఇది గట్టిదండీ, పగలదు” అని గిరాకీకి చెప్పడం ఊహించుకోండి. నేను ఊహించుకుని ఆ వారమంతా సరిగా నిద్రపోలేదు.

మైదానానికి వెళ్లేసరికి ఊరిలో ఉన్న కుర్రాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒకరికొకరు తెలియరు. బొల్లారం నుంచి కొందరు, లాలాగూడ నుంచి కొందరు, ఎవరి చొక్కాలు వాళ్లవి. జట్టుకూ జట్టుకూ తేడా తెలియడానికి సగం మందికి బిబ్‌లు ఇస్తున్నారు. బిబ్ అంటే చొక్కా మీద వేసుకునే చేతుల్లేని పలుచటి జాలీ బనీను, రంగు నారింజ. అంతకు ముందే రెండు ఆటలు అయిపోయాయి. అంటే ఆ బిబ్‌లు అప్పటికే ఇద్దరేసి ఒంటిమీద నానాయి.

అసిస్టెంటు కోచ్ యాదగిరి నా పేరు పిలిచి, నారింజ జట్టన్నాడు, ఒక బిబ్ నా చేతిలో పెట్టాడు. దాన్ని పిండితే చెంబెడు చెమట వచ్చేది. వాసన గురించి రాయను, చదివేవారిలో భోంచేస్తున్నవారు ఉండొచ్చు.

ఒకరు విడిచిన బట్ట మా ఇంట్లో కట్టరని ఆయనకు మర్యాదగా చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఉతికింది ఉంటే తెప్పించమని కూడా అడిగాను. ఆయన బిబ్ లాక్కుని, పక్కన కూర్చున్న ఇంకొకడి మీదికి విసిరి, నన్ను మైదానంలోకి పొమ్మని చెయ్యి ఊపాడు.

నా మాట నెగ్గిందనుకున్నాను. చూశారా, ముక్కుసూటిగా మాట్లాడితే జనం గౌరవిస్తారని మనసులో మా వంశాన్ని మెచ్చుకున్నాను. నన్ను బిబ్ లేని జట్టులోకి మార్చేశారన్న ఆలోచన, పాఠకులారా, నా దరిదాపుల్లోకి రాలేదు.

మధ్య గీత దగ్గర నిలబడ్డాను. నారింజ బిబ్ వేసుకున్నవాడొకడు నన్ను చూసి, అటు పొమ్మని ఎదుటి గోల్ వైపు చూపించాడు. ఆహా, నా జాగా శత్రువు గోల్ ముందేనని వీడికి చూడగానే తెలిసిపోయిందే అనుకుని, దర్జాగా అటు వెళ్లాను.

ఆట మొదలైంది. వెంటనే ఒక వింత జరిగింది. బిబ్ లేనివాడొకడు, అంటే నా లెక్కలో శత్రువు, బంతిని తెచ్చి నెమ్మదిగా నా కాళ్ల ముందు పెట్టాడు. ఇంత మూర్ఖుణ్ణి ట్రయల్‌కు ఎవరు రానిచ్చారని ఒక్క క్షణం జాలిపడ్డాను. మరుక్షణం తిరిగి బలంగా కొట్టాను. బంతి వలలో పడింది.

మైదానమంతా చప్పుడు ఆగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గొప్ప కళను చూసినప్పుడు జనం అలాగే మూగబోతారని నేను విన్నాను. చెయ్యెత్తి నలువైపులా అభివాదం చేశాను.

ఆ గోల్ కాస్తున్న గోలీ జహంగీర్ అని లాలాగూడ కుర్రాడు. గోల్‌కీపర్‌ను మా దగ్గర గోలీ అంటారు. తలుపంత మనిషి. వాడు బంతిని, నన్ను మార్చి మార్చి చూసి, “ఏమైంది భాయ్, కాలు జారిందా?” అన్నాడు.

“మా కాళ్లు జారవు,” అన్నాను.

తరువాత పరిస్థితి మరీ విడ్డూరంగా మారింది. నారింజ బిబ్‌లవాళ్లు, నా సొంత మనుషులు, నా మీద పడి బంతి లాక్కోవడం మొదలుపెట్టారు. ఒకడైతే నన్ను కింద పడేశాడు. అసూయ. ఒక్క గోల్ కొట్టేసరికి వీళ్ల కడుపు ఇంత మండుతోందా అని నిర్ఘాంతపోయాను. శత్రువులేమో “మనోడే, మనోడే” అని ఒకరికొకరు చెప్పుకుంటూ నాకు బంతులు అందిస్తున్నారు. ఇది ఏదో కుతంత్రమని నాకు తెలుసు. దానికి లొంగకుండా రెండో గోల్ కూడా కొట్టాను.

ఈసారి జహంగీర్ గోల్ వదిలి నా దగ్గరికి వచ్చాడు. వాడి మొహంలో కోపం లేదు. పట్టపగలు తన ఇంటి గోడ తనతో మాట్లాడినట్టు చూస్తున్నాడు.

“భాయ్, నేను నీ గోలీని.”

“ఆ మాటలు నా దగ్గర చెల్లవు.”

“అరే, నీ గోలీని భాయ్. ఇది నా ఆఖరి ట్రయల్. ఈసారి సుత కాకపోతే మా నాయన నన్ను వెల్డింగ్ పనికి పంపుతడు. జెర అటు దిక్కు కొట్టు, దండం పెడుతా.”

ఓడిపోయేవాడు కాళ్లబేరానికి వచ్చాడనుకున్నాను. నాకూ సోమవారం ఉంది కదా. “యుద్ధంలో జాలి ఉండదు,” అన్నాను. ఆ వాక్యం అన్నానని రాయడానికి ఇప్పుడు నా చెవులు కాలుతున్నాయి.

వాడు వెనక్కి వెళ్లి రెండు అరచేతుల్లో ఉమ్మేసుకుని, గోల్ మధ్యలో నిలబడ్డాడు. అక్కడి నుంచి వాడికి రెండు జట్లూ శత్రువులే. అటు నుంచి నారింజవాళ్లు కొడుతున్నారు, ఇటు పక్కనుంచి నేను కొడుతున్నాను. వాడు కుడికి దూకాడు, ఎడమకు దూకాడు, ఒక బంతిని మోకాలితో ఆపాడు, ఇంకోదాన్ని మొహంతో ఆపాడు. నేను చేతనైనన్ని విధాల ప్రయత్నించాను. ఒక్కటీ పోనివ్వలేదు. ముక్కు నుంచి రక్తం కారుతున్నా నన్నే చూస్తున్నాడు, రెప్ప వేయకుండా.

ఈల మోగింది. పెద్ద కోచ్ నన్ను వేలు ఊపి పిలిచాడు. రెండు గోల్స్ కొట్టినవాణ్ణి పిలవక ఎవరిని పిలుస్తారు? జుట్టు సవరించుకుని వెళ్లాను. ఆయన పాతకాలం ఆటగాడు, అన్నీ చూసినవాడు. ఆయన చేతిలో టీ గ్లాసు వంకరగా ఉంది, టీ కారిపోతోంది, ఆయనకు ఆ ధ్యాస లేదు.

“ఏ టీమురా నువ్వు?”

“నారింజ సార్.”

ఆయన నారింజవాళ్లను వేలితో లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. “గాడ పదకొండు మంది ఉన్నరు. మరి నువ్వెవనివి?”

నేను యాదగిరి వైపు చూశాను. “బిబ్ ఏస్కోనన్నడు సార్,” అన్నాడాయన. “అందుకే ఇటు ఏసిన.”

ఆ క్షణంలో అరగంట ఆట మొత్తం నా కళ్లముందు తలకిందులైంది. కుతంత్రం లేదు. అసూయ లేదు. మనోడే అన్నది నన్నే. నా గోలీ నాకు దండం పెట్టాడు, నేను వాడికి యుద్ధనీతి బోధించాను. నా వెన్నెముక, తరతరాలుగా వంగనిది, మెల్లగా వంగడం నాకే తెలిసింది.

“రెండోది పడ్డంక ఆట ఆపుదామనుకున్న,” అన్నాడు కోచ్. “గని గోలీని చూసి ఆగిన. సొంత టీమోడు మీద పడి కొడ్తుంటే సుత జాగ ఇడువలే. గిసొంటోడు నాకు మళ్ల దొరకడు. జహంగీర్, రేపటి నుంచి రా.”

జహంగీర్ అక్కడే నేలమీద కూలబడి మొహం కప్పుకున్నాడు. నాకు రాణిగంజ్ కనబడుతోంది, వరుసగా తెల్లటి కమోడ్లు. తిరిగి వెళ్లబోతుంటే కోచ్ గొంతు వినబడింది.

“నువ్వు సుత రా. ఆడనీకి కాదు. నెట్ కాడ ఈనికి ప్రాక్టీసు ఇయ్యనీకి. సొంత గోలీని గంత కసితోని కొట్టేటోడు నాకు యాడ దొరకాలె? బిబ్ ఏస్కుంటవా మరి?”

అన్నానండీ, వేసుకుంటానన్నాను. యాదగిరి అదే బిబ్ తెచ్చి, అప్పటికి మూడో మనిషి చెమట కూడా తాగినదాన్ని, అందరి ముందూ నా మెడలో వేశాడు. దండలా ఉంది, తడిగా. నానమ్మకు ఆమె ఉన్నంతకాలం చెప్పలేదు.

అలా మొదలైంది నా ఫుట్‌బాల్ ఉద్యోగం. నెట్ దగ్గర కొట్టీ కొట్టీ ఏడాది తరువాత సబ్‌స్టిట్యూట్ల బెంచీ ఎక్కాను, ఆ తరువాత జట్టులోకీ వచ్చాను, మోకాలు మొండికేసేదాకా ఆడాను. జహంగీర్ క్లబ్బుకు పెద్ద పేరు తెచ్చాడు. నేను కూడా అప్పుడప్పుడూ గోల్స్ కొట్టాను. కాని ఒకే ఆటలో రెండు కొట్టింది మాత్రం నా జీవితంలో ఆ ఒక్క ఆదివారమే.

కనుక, పాఠకులారా, మీరంతా వినగా ఆనాటి ప్రమాణమే మళ్లీ చేస్తున్నాను. ముసలివాళ్ల సరదా ఆటైనా సరే, గోలీ దగ్గరికి స్వయంగా వెళ్లి “మనం ఒకే జట్టే కదా?” అని అడగకుండా ఇక ఈ జన్మలో బంతిని తాకను. ఈ ప్రమాణం ఇన్నేళ్లుగా తప్పలేదు. మొన్న ఆదివారం కూడా అడిగాను.

“అది నువ్వే చెప్పాలె దొరా,” అన్నాడు జహంగీర్, గోల్ మధ్యలోకి నడుస్తూ.