కట్లపాము, కట్టు

నైజాం పాలన పోయిన మరుసటేడు. నేరేడుచర్ల పక్కన మా ఊరు. నాకు పన్నెండేళ్ళు, చెల్లెలికి ఏడు. పొద్దున్నే పిడకలు తెమ్మని దాన్ని పంపాను. మా వైపు పామును పామనరు, పురుగంటారు; కరిచిందనరు, ముట్టిందంటారు.

"అక్కా, పురుగు ముట్టింది!" అని అరిచింది.

పని ఎగ్గొట్టే సాకనుకుని "ముట్టనీ, పనిదొంగా!" అన్నాను. నా నోట్లో మన్నుపడ!

నాయన పరుగెత్తి పామును చంపాడు. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు. నాయనమ్మ "కట్లపామే!" అని గుండె బాదుకుంది. చెల్లి చేత వేపాకు నమిలించింది. విషం ఎక్కితే చేదు తెలియదని మావాళ్ళ నమ్మకం.

"చేదున్నదా బిడ్డా?"

"లేదు నాయనమ్మా."

ఇంకేముంది, ఇల్లంతా ఏడుపు. కషాయం పోసిన ప్రతిసారీ "చేదు లేదను, మంచి పిల్లవు" అని దానికి నేర్పింది ఆవిడే. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. విషం పైకి పాకితే చెల్లి దక్కదు. నేను సుతిలి తాడు తెచ్చి దాని చీలమండ పైన కట్టాను. నాయనమ్మ "ఇంక బిగియ్యి" అంది. పళ్ళు బిగబట్టి లాగాను.

"నొస్తున్నదక్కా!"

"నోర్ముయ్, సస్తవా?" అన్నాను.

చచ్చిన పామును ముంతలో వేసుకుని ఎడ్లబండి మీద మిర్యాలగూడ దవాఖానకు చేరేసరికి పొద్దు వాలింది. దారిలో కట్టు ఎవరూ విప్పనివ్వలేదు.

డాక్టరు పామును కాగితం మీద చాపి చూశాడు. "కట్లు మెడ కాడ గట్టిగున్నయ్, తోక కాడ మాసిపోయినయ్. కట్లపాముకైతే తోకదాక కనపడ్తయ్. ఇది బల్లులను తినేది. విషమే లేదు, పోండి!" అన్నాడు.

నాయన ఏడుస్తూనే నవ్వాడు. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది. అప్పుడు డాక్టరు దాని లంగా పైకి జరిపాడు. పాదం నేరేడు పండు రంగులో ఉంది. తాడు మాంసంలోకి దిగిపోయింది. కత్తెరతో కోసి, పాదాన్ని నొక్కి చూశాడు. దానికి స్పర్శ లేదు.

"గింత బిగువుగ ఎవరు కట్టిన్రు?" అని గద్దించాడు.

నేను నాయన వెనక్కి నక్కాను.

"నేనే కట్టుకున్న, డాక్టర్ సాబ్" అంది చెల్లెలు.

వారం తిరగకముందే ఆ పాదం తీసేశారు. ఎవరడిగినా ఈనాటికీ అదే మాట చెబుతుంది. నేను పక్కనే కూర్చుని వింటాను. సిగ్గులేని దాన్ని, ఒక్కసారీ కాదనలేదు.