చనిపోయినాయన పండ్ల సెట్టు

వరంగల్ మార్కెట్లో మిరప రాశుల మధ్య వేలం సాగుతుండగా, సరుకు అమ్ముకోవడానికి వచ్చిన లచ్చమ్మ అనే పెద్దావిడ ఉన్నట్టుండి బస్తాకు ఆనుకుని కూలబడింది. నేను పక్కనే ఉన్నాను. వడదెబ్బ అనుకుని నీళ్లిచ్చాను. ఆమె తాగలేదు. వేలం పాడుతున్న మనిషి వైపు వేలు చూపించి, "గది మా ఆయన గొంతు సారూ. ఆయన సచ్చిపోయి నెల కావస్తాంది" అన్నది.

ఎనభైలు మొదలైన రోజులవి. ఒక తెలుగు దినపత్రికకు వరంగల్ స్టాఫ్ రిపోర్టర్‌గా హనుమకొండలో ఉంటున్నాను. ఆదివారం పేజీకి డెస్క్, అంటే మేము పంపిన వార్తలను దిద్ది అచ్చుకు పంపే విభాగం, ఒక వ్యాసం అడిగింది. పండ్లు ఊడిన బీదవాళ్లు కట్టుడు పండ్ల ఖర్చు ఎలా భరిస్తున్నారన్నది విషయం.

ముందు హనుమకొండలోనే సుబేదారిలో ఒక దంతవైద్యుడిని కలిశాను. దవడ ఎముకలో లోహపు స్క్రూ బిగించి దాని మీద పన్ను నిలబెట్టే పద్ధతి విదేశాల్లో వస్తోందని, ఇక్కడ దాని ఖర్చెంతో అడిగేవాళ్లే లేరని ఆయన చెప్పాడు. మామూలు సెట్టే కూలి మనిషికి కొన్ని నెలల సంపాదన. కొందరు ఈ పంటకు పైవరస, వచ్చే పంటకు కిందివరస కట్టించుకునేవారు. కొందరికి డాక్టర్ వాయిదాలు ఇచ్చేవాడు. ఏదీ కుదరనివాళ్లు ఖిలా వరంగల్ తోవలో ఉన్న మెకానిక్ దగ్గరికి పోయేవారు. నోటి అచ్చును బట్టి సెట్టు తయారుచేసే పనివాడిని మెకానిక్ అంటారు. ఇతను వాడిన సెట్లు కొని, అరగదీసి, ఇంకో నోటికి సరిచేసి తక్కువకు అమ్మేవాడు. అలా కొన్న మనిషిని చూడటానికే ఆ రోజు మార్కెట్‌కు వెళ్లాను. వేలం పాడుతున్న యాకూబే అతను.

యాకూబ్‌ది గొంతు మీద బతుకు. రాశి రాశి దగ్గరా నిలబడి, వ్యాపారులు పెంచే ధరను అందరికీ వినబడేలా పలకాలి. పండ్లు పోయి మాట తేలిపోయాక, రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తిదారు అతన్ని ఇంటికి పంపించాడు. సెట్టు పెట్టుకుని వస్తేనే మళ్లీ పనిలోకి తీసుకున్నాడు.

వేలం ముగిశాక లచ్చమ్మ అతని ముందు నిలబడింది.

"పండ్లు తియ్యి తమ్మీ, జర జూస్త."

"గిదేం అడుగుడక్కా! గింతమందిల బోసినోరు జూపిస్తే ఇంటికాడ బీబీ రానిస్తదా?" అని నవ్వుతూనే తీసి చూపించాడు.

కిందివరసలో ఎడమవైపు పన్ను ఒకటి మిగతావాటికంటే పచ్చగా ఉంది. మాంసంలో బొక్క కొరికి ఆయన విరగ్గొట్టుకుంటే మళ్లీ పెట్టించిన పన్ను అదేనని ఆమె అన్నది. మాట్లాడే ముందు రెండుసార్లు టక్కు టక్కుమనిపించడం తన భర్త మల్లయ్య అలవాటని కూడా చెప్పింది. యాకూబ్ నవ్వు ఆగిపోయింది.

"నేను అనిపిస్తలేనక్కా. అదే అంటాంది. కొత్తల నోట్లె పొగ వాసన గూడ వస్తుండె. నిమ్మకాయతోని కడిగితే గూడ పోలే."

మా వైపు మనిషి పోయాక పిట్టకు పెడతారు. ఆయనకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి దూరం జరుగుతారు. కాకి ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిందని లెక్క. మల్లయ్యకు పెట్టింది ఏ పిట్టా ముట్టలేదు. "ఆయన యాడికీ పోలే. నీ నోట్లె ఉన్నడు. పండ్లు నాకియ్యి" అన్నది లచ్చమ్మ. ఇస్తే నౌకరి పోతుందని, కొత్తవి కొనే తాకత్ తనకు లేదని యాకూబ్ అన్నాడు. నెల నాడు మళ్లీ పిట్టకు పెట్టేది ఉందని, ఆ పూటకైనా పండ్లు తీసుకుని రమ్మని చివరికి ఆమే అడిగింది. అతను ఒప్పుకున్నాడు.

ఈలోగా మెకానిక్‌ను కలిశాను. ఆ సెట్టును తొర్రూరు వైపు నుంచి ఒక ముసలాయన స్వయంగా తెచ్చి అమ్మాడని చెప్పాడు. "నోట్లె ఒక్క పన్ను లేదు సారూ. ఇగ నాకు అక్కరలేదన్నడు." ఏ రోజో గుర్తులేదన్నాడు. ఏ రెండు నోళ్లూ ఒక్కటి కావని, పాత సెట్టును ఎంతో కొంత అరగదీయక తప్పదని వివరించాడు. యాకూబ్ నోట్లో మాత్రం ఈ సెట్టు ఆకురాయి తాకించకుండానే కూర్చుందట.

తొర్రూరు దగ్గర లచ్చమ్మ వాళ్ల మెట్ట చెలక గట్టున, మిట్టమధ్యాహ్నం, అన్నం, కూర, కల్లు పెట్టారు. పక్కన పండ్ల సెట్టు. యాకూబ్ రుమాలుతో నోరు మూసుకుని దూరంగా నిలబడ్డాడు. చాలాసేపటికి ఒక కాకి దిగింది. సెట్టు చుట్టూ తిరిగి, పచ్చ పన్నును ముక్కుతో ఒకసారి పొడిచి, తర్వాత అన్నం ఎత్తుకుపోయింది. లచ్చమ్మ సెట్టును కడిగి యాకూబ్ చేతిలో పెట్టింది.

"తీస్కో తమ్మీ, ఇగ నీయే. నా దిక్కు జూసి మాత్రం మాట్లాడకు."

నన్ను బస్సెక్కించడానికి వచ్చిన ఆమె కొడుకు, తల్లికి చెప్పని సంగతి ఒకటి నాతో చెప్పాడు. "కట్టె మీద పండవెట్టినంక నాయిన నోట్లె బియ్యం పోసింది నేనే సారూ. గా పచ్చ పన్ను నా వేలికి తాకింది. నిప్పు వెట్టింది గూడ నేనే."

నా వ్యాసంలో డాక్టర్ చెప్పిన ఖర్చులు, వాయిదాలు, పాత సెట్ల అమ్మకం వచ్చాయి. ఇది రాలేదు. ఇద్దరి మాట కలిస్తేనే రాయాలన్నది మా నియమం; ఇక్కడ మెకానిక్ మాట, కొడుకు మాట కలవలేదు. అబద్ధమాడే అవసరం లేని ఇద్దరి మాటలు పొసగకపోవచ్చునని, అప్పుడు ఎవరినీ తప్పుపట్టకుండా రాసిన కాపీని పక్కన పెట్టడమే రిపోర్టర్ పని అని అప్పుడు తెలిసింది.

ఆ సెట్టు అమ్మిన ముసలాయన ఎవరో తేలలేదు. మల్లయ్య బతికుండగా ఒక్క ఫోటో కూడా దిగలేదు కనుక, మెకానిక్‌కు చూపించి అడగడానికి ఏమీ లేకపోయింది.