ఎర్ర మైనం గుండ్లు

విల్మా హెంకె తుపాకి గుండ్లు ఏరడానికి కూర్చుందంటే ఆ వంటింట్లో మేం ఊపిరి కూడా అడిగి పీల్చుకునేవాళ్ళం.

సీసం కరిగించి మూసలో పోయడం మా లోయలో ఎవరికైనా వచ్చు. ఏరడం మాత్రం ఆమెకే వచ్చు. చల్లారిన గుండ్లను పాత దుప్పటి మీద పరిచి, ఒక్కొక్కటీ కిటికీ వెలుగుకు ఎత్తి చూసేది. ఒంటి మీద ముడత ఉంటే పక్కకు. అడుగు అంచు కత్తితో కోసినట్టు లేకపోతే పక్కకు. మిగిలినవాటిని అద్దం పలక మీద దొర్లించేది. కడుపులో గాలి బుడగ ఉన్న గుండు తాగినవాడిలా తూలుతూ పోతుంది. ఒకసారి ఆమె అటు తిరిగి రొట్టె పిండి పిసుకుతూ, దొర్లిన చప్పుడు విని అలాంటి గుండును పట్టేసింది. నమ్మకపోతే మానెయ్యండి, నేను ఆ బల్ల దగ్గరే ఉన్నాను.

గుండు ముక్కు బల్లపరుపుగా ఉండి తీరాలనేది. మా మోంటానా కొండల్లో అందరివీ, పిడి కింద లీవరు లాగి తూటా ఎక్కించే తుపాకులు. వాటిలో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనక ఒకటి వరసగా పడుకుంటాయి. వెనకదాని ముక్కు ముందుదాని పిరుదుకు, దెబ్బ తగిలితే పేలే చోటికే, ఆనుతుంది. ముక్కు సూదిగా ఉంటే, తుపాకి తన్నినప్పుడు ముందున్న తూటా లోపలే పేలి పట్టుకున్నవాడి చెయ్యి ఎగిరిపోవచ్చు.

ఆమె భర్త కాన్రడ్, మరిది ఆర్లో. కాన్రడ్‌కు గురి ఉంది. ఆర్లోకు కొట్టం తలుపు కూడా తగలదు. అందుకే నికార్సయిన గుండ్లన్నీ విల్మా ఆర్లో డబ్బాలో వేసేది.

"నీ కంటికి ఎలాగూ దిక్కులేదు మరిదీ, గుండైనా తిన్నగా పోనీ" అనేది.

"మరి నాకు సొట్టవా?" అనేవాడు కాన్రడ్.

"నన్ను ఏరుకున్న కన్ను కదా నీది. ఏదిచ్చినా తగుల్తుంది."

ఒక ఏడాది వేట మొదలైన వారంలో వాగు పక్కన మంచు దట్టంగా దిగింది. పొదల్లో కదిలింది దుప్పి అనుకుని ఆర్లో పేల్చాడు. కదిలింది కాన్రడ్. పుట్టి బుద్ధెరిగాక అతని గురి తప్పనిది ఆ ఒక్కసారే.

డాక్టరు కాన్రడ్ ఒంట్లోంచి తీసిన ఆ సీసాన్ని అగ్గిపెట్టెలో పెట్టి విల్మా చేతికిచ్చాడు. ముక్కు పుట్టగొడుగులా విచ్చుకుని, అంచులు వెనక్కి మడతపడి ఉంది. దాన్ని ఆమె పాతిపెట్టలేదు, పారెయ్యలేదు. గుండ్లు పోసే బల్లకు ఎదురుగా కిటికీ గట్టు మీద పెట్టింది. నన్ను చదివించిన కాన్వెంటులో సిస్టర్ బెనెడిక్టా, పోయినవాళ్ళు కొన్నాళ్ళు కిటికీల దగ్గరే తచ్చాడతారని చెప్పేది. అల్లరి చేసేవాళ్ళను కిటికీ పక్కన కూర్చోబెట్టి భయపెట్టడానికి చెప్పేదని ఎప్పుడూ అనుకునేవాణ్ణి. విల్మా కిటికీ చూశాక అలా అనుకోవడం మానేశాను.

ఆమె గుండ్లు పోయడం ఆపలేదు. ఆర్లో రావడమూ ఆపలేదు. వచ్చినప్పుడల్లా కుర్చీని కిటికీకి వీపు పెట్టి వేసుకునేవాడు.

"అటు తిప్పుకున్నావేం?"

"మెడ పట్టేసింది వదినా."

"ఎప్పటినుంచి, మూడేళ్ళ నుంచా?"

అంతకుమించి ఆ సీసం గురించి వాళ్ళిద్దరూ ఒక్క మాట అనుకోగా నేను వినలేదు.

కాన్రడ్ పోయిన మూడేళ్ళకు, నేను చెప్పబోయే శరదృతువులో, మైనం అయిపోయింది. గుండు నడుము చుట్టూ ఉండే గాడిలో మైనం పట్టించకపోతే సీసం తుపాకి గొట్టానికి అంటుకుపోతుంది. కాన్వెంటు కప్పు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడు సిస్టర్లు ఎర్ర కొవ్వొత్తుల ముక్కలిచ్చారు, తెచ్చి విల్మాకిచ్చాను. పంది కొవ్వు కలిపి వాటినే వాడింది. మామూలుగా పసుపుగా ఉండే గాడి ఆ విడతలో మాత్రం ఎర్రగా వచ్చింది, మెడ చుట్టూ కోసిన గీతలా. మూడు వాటాలు వేసింది. ఒకటి నాకు, ఒకటి వంతెన దగ్గరి డెట్మర్‌కు, ఒకటి ఆర్లోకు.

వేట మొదలవడానికి ముందురోజు మధ్యాహ్నం విల్మా మా ఇంటికి వచ్చింది. చేతులకు పిండి అంటుకునే ఉంది.

"గస్, ఎర్ర గుండ్లన్నీ తే."

"తూటాల్లో కూరేశాను విల్మా."

"పటకారుతో పీకు."

"ఏమైంది?"

"కిటికీ గట్టు ఖాళీగా ఉంది. ఈ ఎర్రవాటికి సీసం కరిగించిన రోజు నేను బట్టలు తియ్యడానికి బయటికెళ్ళాను. లోపల ఆర్లో ఒక్కడే ఉన్నాడు." ఆమె గోడ పట్టుకుంది. "కుండలో వేసేశాడు గస్. అదిప్పుడు వీటిలో ఉంది. ఎందులోనో తెలీదు. అన్నిట్లోనూ ఉంది. ఒకణ్ణి తిన్న సీసాన్ని మళ్ళీ నా చేత్తోనే బయటికి పంపాను."

నావి పీకాను. డెట్మర్ సగం తిట్టుకుంటూ, సగం జాలిపడుతూ తనవి ఇచ్చాడు. మిగిలింది ఆర్లో వాటా. నా బండిలో వాగు మీదుగా వెళ్ళాం. చలి ఎంత ఉందంటే, దారిలో నేను వేసిన జోకు గడ్డకట్టి, తిరిగి వచ్చేటప్పుడు కరిగి వినిపిస్తుందన్నాను. విల్మా నవ్వలేదు. ఒళ్ళో, పీకిన గుండ్ల డబ్బాను రెండు చేతులతో మూసి పట్టుకుంది, అందులోంచి ఎవరైనా మాట్లాడతారేమోనన్నట్టు.

ఆర్లో గుడిసె తలుపు తీసే ఉంది. బల్ల ముందు కూర్చున్నాడు. గడ్డం మాసిపోయింది. తుపాకి అతని మోకాళ్ళ మీద ఉంది. బల్ల మీద ఎర్ర గాడి గుండ్లు వరసగా, ముక్కులు పైకి పెట్టి నిలబెట్టి ఉన్నాయి.

"రా వదినా. వస్తావని తెలుసు."

విల్మా వరసను కళ్ళతోనే లెక్కపెట్టింది. "ఒకటి తక్కువుంది."

ఆర్లో అరచెయ్యి తుపాకి మీదికి పోయింది.

"తుపాకిలో ఒక్కటే ఎందుకు నింపావు ఆర్లో? నువ్వు రెండు దుప్పులకు ఒక డబ్బా ఖర్చుపెట్టేవాడివి."

"ఇది తప్పదులే."

నేను గుమ్మం దాటలేదు. విల్మా మాత్రం నడిచివెళ్ళి అతని ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఎందుకు కరిగించావు?"

"అది నన్నే చూస్తోంది వదినా. వీపు తిప్పినా చూస్తోంది. కరిగిస్తే పోతుందనుకున్నా." వరసవైపు చెయ్యి చూపించాడు. "చూడు. అన్నిటికీ అన్నయ్య మొహమే."

"లీవరు లాగు."

"వదినా..."

"లాగమన్నాను. మీ అన్నను ఒకసారి మోసుకొచ్చారు నా గుమ్మానికి. రెండోవాణ్ణి మొయ్యడానికి గస్‌కు నడుం లేదు."

పొయ్యిలో కట్టె విరిగింది. తర్వాత ఆర్లో లీవరు కిందికి లాగాడు. తూటా ఎగిరి బల్ల మీద పడి, దొర్లి, విల్మా మణికట్టుకు తగిలి ఆగింది. ఇత్తడి అంచు పైన ఎర్రగా కొంచెం కనిపించింది. విల్మా ఉలిక్కిపడలేదు గానీ, తగిలినచోట ఆమె చర్మం మీద వెంట్రుకలు లేచాయి.

తుపాకి తీసుకుని నాకిచ్చింది. పటకారుతో ఆ గుండును పీకింది. డబ్బాలో ఉన్నవన్నీ బల్ల మీద గుమ్మరించి కలిపేసింది.

"ఏరు."

"ఏంటి?"

"మీ అన్న ఏది? ఏరు. నేను నేర్పానుగా."

ఆర్లో ఏరాడు. గోరుతో గీరాడు, వెలుగుకు ఎత్తాడు, గాజు పెంకు మీద దొర్లించాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెలుగు తగ్గేదాకా ఏరాడు. ఒక్కటీ తూలలేదు. ఒక్కదాని మీదా ముడత లేదు.

"అన్నీ మంచివే వదినా" అన్నాడు చివరికి. గొంతు పసివాడిలా ఉంది. "ఒక్కదాంట్లోనూ తప్పు లేదు."

"మూడేళ్ళ కిందట నేనూ అదే అన్నాను" అంది విల్మా. "నీ డబ్బా నింపుతూ. ఒక్కదాంట్లోనూ తప్పు లేదు అని."

ఆర్లో మొహం ఎత్తి ఆమెను చూశాడు. నాకు తెలిసి ఆ మూడేళ్ళలో అదే మొదటిసారి.

మర్నాడు లోయంతా తుపాకులు మోగాయి. నాదీ, డెట్మర్‌దీ, ఆర్లోదీ మోగలేదు. విల్మా ఆ గుండ్లన్నీ పచ్చళ్ళ గాజు సీసాలో పోసి, మూత బిగించి, కిటికీ గట్టు మీద అదే చోట పెట్టింది. ఆర్లో కాఫీకి వచ్చి, దాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒకటి చాల్లేదా వదినా? ఇప్పుడు ఇన్నా?"

"పెంచింది నువ్వే. కూర్చో, చల్లారిపోతుంది."

కుర్చీ ఎటు తిప్పాలో తెలియక కాసేపు దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కిటికీకి ఎదురుగా వేసుకున్నాడు. ఉదయపు ఎండ సీసాలో పడి ఆ చదును ముక్కులన్నీ ఒకేసారి మెరిశాయి. ఆర్లో కప్పులోంచి కాఫీ ఒలికింది. అయినా తల దించుకోలేదు.

విల్మా బల్ల తుడిచి, ఇంకో కప్పు పోసింది.