సజ్జకు కింద కట్టిన సలాకలు

చిక్కడపల్లిలో మా ఇంటి సజ్జ ఎలా కూలిందో చెబుతాను. ఆ రోజు గాలి లేదు, వాన లేదు, భూమి కదలలేదు. నేను మాత్రం ఉన్నాను.

అది తొంభైల సంగతి. నేను సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడు. ముందుగదికి కొత్తగా పెట్టిన కిటికీ మీద, ఎండా వానా లోపల పడకుండా సజ్జ పోయించాలని నాన్న అనుకున్నాడు. మేడ మీద ఒక గది వేసే ఆలోచన కూడా ఉంది. హాల్లో దివాన్ మీద పడుకుని, దాని కిందే పుస్తకాలు దాచుకునే నాకు ఆ గది తప్ప ఇంకో కోరిక లేదు.

"సజ్జ పని నువ్వు చూసుకో. మంచిగ నిలవడితే మీది రూము పని గూడ నీకే. రూము గూడ నీకే," అన్నాడు నాన్న.

ఇక ఆగుతానా? మెడలో టేపు వేసుకుని తిరగడం మొదలుపెట్టాను. స్నానానికి వెళ్లినా అది మెడలోనే ఉండేది.

మేస్త్రీ బాలయ్యది పాలమూరు వైపు. కవాడిగూడ బస్తీలో ఉండేవాడు. సెంట్రింగ్ చెక్కలు బిగించి, ఇనుప సలాకలు పరిచేటప్పుడు వాటిని పైవైపున కట్టబోయాడు. నేను ఆపాను.

"మేస్త్రీ, సలాకలు కిందికి కట్టాలె."

"స్లాబుకైతె కిందికే సార్. సజ్జకు మీదికుండాలె."

"ఎందుకు?"

"ఎందుకంటె నాకు చెప్పరాదు. మా నాయిన గిట్లనే కడుతుండె."

"మీ నాయిన కట్టిండని సిమెంటు వింటదా? కాంక్రీటును నొక్కితే ఓర్చుకుంటది, గుంజితే ఓర్చుకోదు. గుంజే దిక్కుకు సలాక ఉండాలె. బరువు పడితే కింద గుంజుతది. సలాక కిందనే."

పాఠకులు గమనించాలి, సూత్రం అక్షరాలా నిజం. రెండు గోడల మీద ఆనుకున్న స్లాబు కిందివైపే సాగుతుంది. కానీ సజ్జకు ఒకవైపే గోడ, రెండోవైపు గాలి. ఆ తేడా చెప్పిన రోజు నేను కాలేజీలో లేను, నారాయణగూడలో మార్నింగ్ షోలో ఉన్నాను.

"మేస్త్రీ చెప్పినట్టు ఇనరాదురా," అన్నాడు నాన్న.

"నాన్న, నా మీద భరోసా లేదా?"

నాన్న మెత్తబడ్డాడు. బాలయ్య సలాకలు కిందికి కట్టాడు.

కాంక్రీటు పోశాక పదిహేను రోజులు పూటపూటా నీళ్లు కొట్టాను. సెంట్రింగ్ విప్పే ఆదివారం నా నమ్మకం ఎంత ముదిరిందంటే, నాన్న స్నానానికి వెళ్లగానే ఆయన స్కూటర్‌ను తోసుకొచ్చి సరిగ్గా సజ్జ కింద నిలబెట్టాను.

"బండి తియ్యి సార్," అన్నాడు బాలయ్య.

"ఉండనీ. నాన్న చూడాలె."

నాన్న తువ్వాలు చుట్టుకుని వచ్చి మరీ చూశాడు. బాలయ్య దూరంగా నిలబడి, చెక్కల కింద పోటీగా పెట్టిన ఆఖరి గుంజను తాడుతో లాగాడు. గోడ దగ్గర, పైవైపున సన్నని బీట కనిపించింది. సజ్జ మెల్లగా తల వంచింది. సగం ముక్క నేను కట్టించిన సలాకలకు వేలాడింది, మిగతా సగం వెళ్లి స్కూటర్ సీటు మీద కూర్చుంది.

నాకు ఏడుపొచ్చింది. నాన్న నన్ను చూడలేదు, స్కూటర్‌నే చూశాడు.

బాలయ్య నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, కాలికున్న పాత రబ్బరు చెప్పు తీశాడు. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"కొట్టనులే సార్. మడిమ కాడ గట్టిగ పట్టుకో. ముందర కిందికి నొక్కు. పగుళ్లు యాడ ఇచ్చుకుంటున్నయి?"

నొక్కి చూశాను. "పైన."

"గాడ్నే సలాక."

మూడేళ్ల ఫీజు కట్టి నేర్చుకోనిది అర నిమిషంలో అర్థమైంది. సిగ్గుతో పాటు పట్టుదల కూడా వచ్చింది. "దీన్ని నేనే పగలగొడత, నేనే మళ్ల కడత. నువ్వు చెప్పు, నేను చేస్త," అన్నాను. వారం రోజులు సుత్తి పట్టాను, మట్టి మోశాను, అరచేతులు బొబ్బలెక్కినా ప్రతి సలాకా నా చేత్తోనే పైకి కట్టాను.

మళ్లీ సెంట్రింగ్ విప్పే రోజు వచ్చింది. "నాన్న, ఈసారి పక్కా," అన్నాను.

నాన్న సొట్టపడ్డ స్కూటర్‌ను అశోక్ నగర్‌లోని మా బాబాయి ఇంటిదాకా తోసుకుపోయి, అక్కడ పెట్టి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు. "ఇగ ఇప్పుకో," అన్నాడు.

సజ్జ నిలబడింది. బాలయ్య సరిగ్గా దాని కిందే నిలబడి బీడీ ముట్టించుకున్నాడు. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు. మేడ మీద గది పని నాన్న బాలయ్యకే అప్పగించాడు. ఆ ఎండాకాలమంతా ఆయన దగ్గర తట్టలు మోసి ఆ గది సంపాదించుకున్నాను.

ఇప్పుడు నేను డ్రాయింగుల మీద సంతకాలు పెట్టే ఉద్యోగంలో ఉన్నాను. డ్రాయింగులో సజ్జ కనిపిస్తే చాలు, వంగి చెప్పు చేతిలోకి తీసుకుంటాను. కొత్తగా చేరిన పిల్ల ఇంజనీర్లు కొడతానేమోనని లేచి తలుపు వైపు నడుస్తారు.

కాబట్టి ఆ చెప్పు మీదే ప్రమాణం చేసి చెబుతున్నాను. ఈ జన్మలో సజ్జకు సలాక కింద కట్టించను. మేస్త్రీ వద్దన్నాక వాదించను. ఒకవేళ వాదించినా, స్కూటర్ మాత్రం బాబాయి ఇంట్లో పెట్టే వాదిస్తాను.