చలికి చావని పురుగు

మొన్న పుష్యమాసంలో ఒక పొద్దున కిటికీ తెరిస్తే, దీపం చుట్టూ తిరిగిన రెక్కల పురుగొకటి చలికి బిగుసుకుపోయి గూట్లో రాలి ఉంది. నా మనవరాలు దాన్ని చీపురుతో నెట్టేస్తూ "గీ సలికి పురుగులన్ని సచ్చిపోతయ్ అమ్మమ్మా" అంది. అన్నీ చావవు. ఏవి చస్తాయో, ఏవి చావవో చిన్నప్పుడే నాకు జొన్నచేను నేర్పింది.

జనగామకు ఎడంగా ఉండే మా ఊళ్లో సాయుధ పోరాటం రోజుల్లో సంఘం వాళ్లు దొర భూమి పంచినప్పుడు మాకొక ఎర్రచెలక వచ్చింది, అందులో వేసిన మొదటి పంట జొన్న. పాలు పట్టిన కంకులు నిప్పుల మీద కాల్చి, నలిపి, ఊసబియ్యం బుక్కుతూ, ఉడికిన అనపకాయల వాసన పీలుస్తూ, జొన్నరవ్వ సద్దిగట్కలోకి పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ పిల్లలం ఆ చలికాలమంతా చేనులోనే గడిపాం. కోతయ్యాక మిగిలిన జొన్నకొయ్యలు చీల్చి, లోపలి బెండుతో ఎడ్లూ బండ్లూ చేసుకునేవాళ్లం. మంచుకు రెక్కల పురుగులు రాలిపోయేవి, వాటి గుడ్లు ఎండిన ఆకుతో పాటే పొడి అయ్యేవి. కొయ్యలో దాక్కున్న మొవ్వుపురుగు మాత్రం చచ్చినట్టు పడి ఉండి, అరచేతిలో పెట్టుకుని ఊదితే మెల్లగా కదిలేది. వానలు పడగానే అదే రెక్కలొచ్చి లేత పైరు మీద గుడ్లు పెట్టేది, మొవ్వులు ఎండి చేనుకు చేనే పోయేది. అందుకే కొయ్యలు పీకి, కుప్పేసి, చలిమంటగా కాల్చడం మా వైపు ఆనవాయితీ.

ఆ ఏడు మిలిటరీ వచ్చి దొర గడిలో దిగింది. సంఘంలో తిరిగాడని మా బాపును జైలుకు పట్టుకుపోయారు. అడవిలో ఉన్న సంఘం వాళ్లకు సైగలు అందుతాయని, చేన్లలో మంట పెడితే తోలు వలుస్తామని చాటింపు వేయించారు. దొర అరుగు మీద కూర్చుని నవ్వాడట. "భూమి గుంజుకుంటె అయితదా? పండియ్య చాతనైతదా? వచ్చేయేడు ఆళ్లే తెచ్చి నా కాళ్లకాడ పెడ్తరు."

మా నాయినమ్మను అందరం అవ్వ అనేవాళ్లం. ఆమె మిలిటరీకి భయపడలేదు, పురుగుకు భయపడింది. పంట పోతే చెలక పోతుంది. ఆ కొయ్యలు పొయ్యిలో పెడితే వానలు పడేనాటికి కూడా తరగవు, గడ్డి గుడిసెల మధ్య కాలిస్తే వాడంతా అంటుకుంటుంది.

ఒక పొద్దున అవ్వ వాడకట్టు ఆడవాళ్లను, నన్నూ వెంటబెట్టుకుని చెలకలో దిగింది. అరచేతులు కోసుకుపోతున్నా కొయ్యలు పీకి, మోపులు కట్టి, నెత్తిన పెట్టుకుని నేరుగా గడి ముందుకు నడిచాం. దర్వాజ ముందరి రాతిబండల మీద కుప్పేసి అవ్వ అగ్గి పెట్టింది. జవాన్లు తుపాకులతో ఉరికొచ్చారు.

"ఏందే ముసల్దానా, మంట పెట్టొద్దన్నది ఇనవడలేదా?" అని అరిచాడు దొర.

"చేన్లల్ల పెట్టొద్దన్నరు. గిది మీ వాకిలి గద దొరా" అంది అవ్వ. "మీ కండ్ల ముంగటనే పెట్టిన. ఎవలకు సైగ జేస్తున్ననో మీరే సూడుండ్రి."

ఒక జవాను తుపాకీ మడమతో ఆమె భుజం మీద కొట్టాడు. అవ్వ పడింది, లేచింది, చెదిరిన కొయ్యలను మళ్లీ మంటలోకి తోసింది. మాలో ఒక్కరూ అక్కణ్నుంచి వెనక్కి పోలేదు. కొయ్యల్లో పురుగులు చిటపటమని పేలుతుంటే, కాసేపటికి చలికి వణుకుతున్న ఆ జవాన్లే వచ్చి చేతులు కాచుకున్నారు. దొర లోపలికి పోయి ధడేలున తలుపేసుకున్నాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టం.

మరుసటి వానాకాలం మా చేను నిండుగా పండింది. చుట్టుపక్కల ఎందరి భూములో దొరల చేతికే తిరిగిపోయాయి, మాది పోలేదు.

ఇప్పుడు జొన్న లేదు, అంతా పత్తే. బెండు ఎడ్లు లేవు, ఊసబియ్యం రుచి నా మనవరాలికి తెలియదు, గడి కూలి తుమ్మలు మొలిచాయి. పత్తికాయలో దూరి చలిని దాటే గులాబీరంగు పురుగు మాత్రం ఉంది, అందుకని ఏటా పత్తికట్టె పీకించేదాకా నేను ఊరుకోను. నిరుడు ఆ పని మీదుండగా, చెలక కొని ప్లాట్లు చేస్తానంటూ దొర మనవడు కారేసుకుని వచ్చాడు.

"ముసలితనంల నీకెందుకవ్వా గీ చెలక?" అన్నాడు.

"మీ తాత గూడ గిట్లనే అనుకున్నడు బిడ్డా" అన్నాను. "జర జరుగు, మోపులు మోసేటోళ్లకు అడ్డమున్నవ్."